తోటకు సరిపడా ఎరువు

ప్రొద్దుటూరు, సోమవారం.

కాటమయ్య మామకు, కోడలు నాగలత నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేను, మీ అబ్బాయి చంద్రమోహన్, మీ మనవరాలు చందన బాగున్నాం. అంటే ఒకరికొకరం కనపడినప్పుడు బాగున్నట్టే కనపడుతున్నాం.

ఫోన్ ఉండగా ఉత్తరమెందుకని అనుకోవద్దు. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ మీ పొట్టేలే మాట్లాడింది. అందుకే జమ్మలమడుగు షేర్ ఆటో ఇస్మాయిల్ అన్న చేతికి ఇస్తున్నాను.

విషయం చందన స్కూలు గురించి. వాళ్ళ వాట్సాప్ గ్రూపులో రోజుకు రెండు వందల మెసేజ్‌లు వస్తాయి. నూట తొంభై గులాబీ పూలతో శుభోదయాలు. మిగిలిన పదింటిలో ఏదో ఒకటి మా ప్రాణం తీస్తుంది. కలమల్ల ఆఫీసుకు పోయే బస్సులో ఒంటికాలి మీద నిలబడి చదువుతాను కాబట్టి ఎప్పుడూ సగమే చదువుతాను. పోయిన నెల అలా చదివే, పిల్లలందరూ జాతీయ నాయకులుగా వచ్చిన రోజు దీన్ని వంకాయ వేషంలో పంపాను. పాపం, వంకాయగానే నిలబడి జెండాకు వందనం చేసింది.

ఈ శనివారం పది గంటలకు స్కూలు తోట పండగ. తల్లిదండ్రులు రావాలట, ప్రతి బిడ్డా తోటకు ఎరువు తేవాలట. ఆ రోజే మా ఆఫీసులో తనిఖీ, సెలవు లేదన్నారు. చందనకు ఎలా చెప్పాలా అని నోరు తెరిచేలోగా అదే అనింది, "నువ్వు రాలేవులేమ్మా, నాకు తెలుసు" అని. ఏడ్చి గోల చేసినా బాగుండేది మామా. అడగడమే మానేసింది. అది తట్టుకోలేకపోతున్నాను. కనీసం ఎరువైనా సరిగ్గా పంపి తల్లిననిపించుకోవాలి. మన గొర్రెల ఎరువు, స్కూలు తోటకు సరిపడా పంపండి.

ఇట్లు,
బస్సు వచ్చేలోగా రాసిన
నాగలత.

తా.క.: మీ అబ్బాయిని అడిగితే ఎరువు ఆన్‌లైన్‌లో దొరుకుతుందన్నారు. నిజమే. దానికి నాలుగున్నర స్టార్లు ఉన్నాయి. నా వంటకు ఆయన ఎప్పుడూ మూడు దాటించలేదు.

*

జమ్మలమడుగు దగ్గర, మంగళవారం.

చిరంజీవి నాగలతకు మామ కాటమయ్య దీవించి రాయునది. ఇక్కడ గొర్రెలు క్షేమం. మీ అత్త నాగులమ్మ క్షేమం. నన్ను ఎవరూ అడగలేదు గానీ నేనూ క్షేమమే.

నీ జాబు చదువుకొని శానా సంతోషపడ్డాను. ఇన్నేళ్ళలో ఎందరో రైతులు ఎరువుకు పిలిచారు గానీ బడి వాళ్ళు పిలవడం ఇదే మొదలు. ఒప్పుకునే ముందు కొన్ని సంగతులు తెలియాలి. స్థలం ఎంత? చుట్టూ ఉన్నది గోడా, కంచా? తాగేందుకు నీళ్ళున్నాయా? కుక్కలున్నాయా? మాకు అన్నం ఎవరు పెడతారు? ఒక్క పూటతో ఏ తోటా బాగుపడదు, మూడు రోజులైనా ఉండాలి. అన్నిటికీ జవాబు రాయి.

ఇట్లు,
కాటమయ్య.

తా.క.: వంకాయ సంగతి చదివి మీ అత్త ఒకటే అడుగుతోంది, "నల్లదా తెల్లదా కనుక్కోప్పా" అని.

*

ప్రొద్దుటూరు, బుధవారం పొద్దున.

మామకు నాగలత నమస్కారాలు.

మీ జాబు బస్సులో రెండుసార్లు, ఆఫీసులో ఒకసారి చదివాను. ఎరువు అడిగితే కుక్కల సంగతి ఎందుకడిగారో ఎంత ఆలోచించినా తేలలేదు. పులివెందుల బజారులో బట్టల కొట్టు మీద పెరిగిన దాన్ని, పెళ్ళయి పదేళ్ళయినా గొర్రెల గురించి నాకు తెలిసింది సున్నా. మనవరాలు చదివే చోటు ఎలాంటిదోనని తాతగా అడిగారనుకొని అన్నీ చెప్పేస్తున్నాను.

స్థలం అరెకరం. గోడ ఉంది. బోరు నీళ్ళున్నాయి. కుక్క ఒకటే, వాచ్‌మన్ వసీం అన్నది. దానికి పళ్ళు లేవు. మీరూ అత్తమ్మా వస్తానంటే అంతకంటేనా? అన్నం మన ఇంట్లోనే. మూడు రోజులు కాదు, ముప్పై రోజులుండండి. హాల్లో మంచం వేయిస్తాను.

ఇట్లు,
కోడలు నాగలత.

తా.క.: అత్తమ్మకు చెప్పండి, ఊదా రంగు. తొడిమ మాత్రం నా పాత జాకెట్టుది.

*

జమ్మలమడుగు దగ్గర, బుధవారం సాయంత్రం.

చిరంజీవి నాగలతకు మామ ఆశీస్సులు. అన్నీ కుదిరాయి. అరెకరం మాకు చాలు. మంచం వద్దు, బడిలోనే ఆరుబయట పడుకుంటాం. రేపు తెల్లారి బయల్దేరి నడుచుకుంటూ వస్తాం. శుక్రవారం దారిలో ఎక్కడో ఆగి, శనివారం పది గంటలకు బడి గేటు దగ్గర ఉంటాం. నీళ్ళ తొట్టి పెద్దది పెట్టమని చెప్పు. మంచి దాహం మీద వస్తాం.

ఇట్లు,
కాటమయ్య.

తా.క.: ఊరికే ఇస్మాయిల్ ఆటోలో చోటుందేమో అడిగి చూశాను. పడి పడి నవ్వాడు. "మామా, పన్నెండు మందికే నా బండి మూలుగుతాంది" అన్నాడు.

*

ప్రొద్దుటూరు, గురువారం మధ్యాహ్నం.

మామకు నాగలత నమస్కారాలు. ఇది ఇస్మాయిల్ అన్న దారిలో మీకెదురొచ్చి ఇస్తాడు.

ఇద్దరు పెద్దవాళ్ళు ఈ ఎండలో ఎందుకు నడుస్తున్నారో, ఇద్దరికి తొట్టెడు నీళ్ళెందుకో, ఇల్లుండగా బడిలో ఎందుకు పడుకుంటారో నాకు ఒక్కటీ అర్థం కావడం లేదు. నేనేమైనా తప్పు మాట రాశానా అని మీ అబ్బాయిని అడిగాను. రాత్రి డ్యూటీ చేసి చిలమకూరు నుంచి వచ్చిన మనిషి, నిద్రలోనే "ఊఁ" అన్నారు.

అసలు విషయం ఇది. ఆ మెసేజ్ మళ్ళీ చదివాను, ఈసారి కూర్చుని. కింద ఇంకో వాక్యముంది. బిడ్డకు పిడికెడు ఎరువు, కాగితం కవర్లో. పిడికెడంటే పిడికెడే మామా. అది ఇస్మాయిల్ అన్న చేతికివ్వండి. మీరు మాత్రం హాయిగా బస్సెక్కి రండి.

ఇట్లు,
మీ నాగలత.

తా.క.: కవరు మీద పేరు రాయాలని నౌషీన్ టీచర్ చెప్పారు. బిడ్డ పేరు. గొర్రె పేరు రాసేరు.

*

ప్రొద్దుటూరు, ఆదివారం.

మామకు, నమస్కారం కూడా కోపంతోనే పెడుతున్నాను. ముఖాముఖి అడుగుదామంటే మిమ్మల్ని చూడగానే నవ్వొస్తోంది. అందుకే టిఫిన్ క్యారియర్ పైగిన్నెలో పెట్టి స్కూలుకే పంపుతున్నాను. కింద గిన్నెలో సంగటి ఉంది.

నిన్న పదింపావుకు హెడ్‌మిస్ట్రెస్ సుశీలమ్మ గారు ఆఫీసుకు ఫోన్ చేశారు. "మీ ఎరువు వచ్చింది మేడం. గేటు కాడ నిలబడి అరుస్తాంది. యాడ పెట్టమంటారు?" అన్నారు. మా ఆఫీసరు నారాయణ సార్ నా మొహం చూసి ఏందమ్మా అన్నారు. ఆ మాటే చెప్పాను. ఆయన కాసేపు తనిఖీ కాగితాలూ నా మొహమూ మార్చి మార్చి చూసి, "నువ్వు పోమ్మా. ఈడ ఏం జరిగినా అంతకంటే ఘోరం కాదులే" అన్నారు.

నేను వచ్చేసరికి నూటపద్దెనిమిది గొర్రెలు తోటంతా పరుచుకొని ఉన్నాయి. ఆకులతో కట్టిన స్వాగతం బోర్డులో 'స్వా' తినేస్తే 'గతం' మిగిలింది. అత్తమ్మ తీరిగ్గా సుశీలమ్మ గారిని అడుగుతోంది, "అన్నం మీరు పెడతారా, మా కోడలా?" అని. గొర్రెల మధ్యలో నిలబడి చందన ఒక్కోదాని పేరూ స్కూలు మొత్తానికీ చెబుతోంది. నన్ను చూసి ఎలా వచ్చావని కూడా అడగలేదు. వచ్చి చెయ్యి పట్టుకుంది. మధ్యాహ్నం రెండు దాకా వదల్లేదు.

మందను తీసుకొచ్చి చేలో ఆపడమే ఎరువు వేయడమని, మీ వాళ్ళను ఎరువు అడిగితే మందే నడిచి వస్తుందని నౌషీన్ టీచర్ చెబితే తెలిసింది. వేంపల్లెలో వాళ్ళ నాన్న చేనికీ అలాగే చేస్తారట. సరే, అది నా తెలివితక్కువ. కానీ పిడికెడు చాలని గురువారమే రాశాను. మీ చేతిలోనే పెట్టానని ఇస్మాయిల్ అన్న ఒట్టేస్తున్నాడు. అందలేదా? చదవలేదా? ఏమనుకోవాలో తెలియడం లేదు.

ఇట్లు,
కోడలు నాగలత.

తా.క.: గ్రూపులో నిన్నటి నుంచి గులాబీలు లేవు. అందరూ మన గొర్రెలతోనే శుభోదయం చెబుతున్నారు.

*

బడి తోట, సోమవారం.

చిరంజీవి నాగలతకు మామ దీవించి రాయునది. గొర్రెలు క్షేమం. సంగటి బాగుంది.

నీ గురువారం జాబు గురువారమే అందింది. రోడ్డు పక్క మందను ఆపి, అద్దాలు పెట్టుకొని, పై నుంచి కింది దాకా చదివాను. పిడికెడని స్పష్టంగానే రాశావు. మీ అత్త పిడికెడు ఎరువు కాగితంలో చుట్టి ఇస్మాయిల్‌కు ఇచ్చింది కూడా. వెనక్కి తీసుకున్నది నేనే.

పిడికెడు ఎరువు కోసం నీకు ఎవరూ సెలవివ్వరు కదమ్మా.

ఇట్లు,
కాటమయ్య.

తా.క.: రేపు పొద్దున్నే వెళ్ళిపోతున్నాం. మళ్ళీ సెలవు కావలసినప్పుడు కొంచెం ముందుగా రాయి. నడిచి రావడానికి రెండు రోజులు పడుతుంది.