పురుగు పట్టని జొన్నలు

జూలై 7, సోమవారం

కోడలు సుమకు షుగరంట. ఏడో నెల. గ్లూకోజు నీళ్లు తాపి నెత్తురు తీసిండ్రు, ఎక్కువొచ్చింది. మా ఇంట్ల ఎవ్వలకు లేదీ రోగం. కొడుకు రవి ముఖం మాడ్చుకొని కూసున్నడు. నేనన్న — "పుట్టింటికి పోయి మామిడిపండ్లు బుక్కింది, ఇంకేమైతది." సుమ లేచింది. నాకు బువ్వ పెట్టింది.

జూలై 8

అన్నం తక్కువ తినాల్నట. జొన్నరొట్టె, పప్పు తినాల్నట. గింతదానికి దవాఖాన్ల చెప్పాల్నా... నా గుమ్మి నిండ జొన్నలున్నయి. నా చేన్ల పండినయి, నేనే నింపిన. రెండు పూటల రొట్టెనే తినుమన్న.

జూలై 11

వియ్యంకుడు ఫోన్ చేసిండు. బిడ్డను వాళ్ల ఊరు ఇచ్చోడకు తోలుకపోతడట. వద్దన్న. ఈడ తిండికేం కరువు? పోయినేడు ఈ బావనే పంపిన జొన్నల్ల అన్ని పురుగులే. కోళ్లకేసిన. ఆయన ముఖం మీదనే చెప్పిన గూడ.

జూలై 14

సుమ జొన్నలు చెరుగుతుంటె తుమ్ముతది. కండ్లెంబడి నీళ్లు. చాటలకెల్లి తెల్లగ దుమ్ము లేస్తది. "మామా, గీ వాసనేంది?" అన్నది. గుమ్మిల గలిపిన పొడిది ఆ వాసన. అది ఉంటేనే పురుగు రాదు. నాజూకు పిల్ల.

జూలై 21

మల్ల నెత్తురు తీసిండ్రు. దిగలే. ఇంకో వారం చూసి సూదులు మొదలువెడ్తరట. దినాం పొట్టకు పొడుసుకునేటియి.

సుమ తీపి ముట్టలే. నేను చూస్తనే ఉన్న కద.

పోయినేడు ఐదో నెల్ల కడుపు పోయింది. ఈసారి గూడ... ఆ మాట రాయ.

జూలై 22

నేనే పోయిన దవాఖానకు. రవి, సుమ ఎన్కకు. చిన్న సంచిల జొన్నలు కట్టుకపోయిన. డాక్టరమ్మ బల్ల మీద పోసిన. "ఇగో, మా కోడలు తినేటియి గివే. గింత ముసుర్ల ఒక్క పురుగుంటె చూపెట్టు."

ఆమె గింజలు అరచేతిలకు తీసుకున్నది. వాసన చూసింది.

"ఎట్ల లేవు తాతా?"

చెప్పిన. పత్తిచేనుకు చల్లే పొడి గుమ్మిల గలుపుత, ఏటేటా. గొప్పగనే చెప్పిన.

డాక్టరమ్మ నవ్వలే. లేచి చేతులు కడుక్కున్నది. సబ్బు వెట్టి.

అదే దినం, పొద్దుమీకి

ఆమె మాటలు మర్వకముందే రాస్తున్న. షుగర్ ఒక్కదానితోని రాదు. బరువు, వయసు, పుట్టింటి రక్తం — శాన ఉంటయి. గీ పురుగుమందులు గూడ ఒంట్ల షుగర్‌ను ఖరాబ్ చేస్తయేమోనని చదువుకున్నోళ్లు అంటున్నరు. దీంతోనే వచ్చిందని నేను చెప్ప, రాలేదని గూడ చెప్ప అన్నది. కాని తిండిగింజలకు ఆ పొడి తాకద్దు. ఇంట్ల ఎవ్వలు తినద్దు.

"కడుగుతె పోదా?" అన్న.

"అంత పోదు తాతా."

పోయినేడు కడుపు పోయిన సంగతి అడుగుదామని నోటిదాక వచ్చింది. సుమ నా దిక్కే చూస్తుంది. అడగలే.

పురుగుమందు దుకాణపాయన చేనుకనే ఇచ్చిండు ఆ పొడి. గుమ్మిల వొయ్యమనలే.

జూలై 23

ఆ జొన్నలు కోళ్లకు వెయ్యద్దు. గొడ్లకు వద్దు. అమ్ముతె ఎవలో ఒకలు తింటరు. బాయికి దూరంగ గుంత తీసినం, నేను, రవి. గుమ్మి అంత అండ్ల వోసినం. తిండిగింజల మీద మన్ను కప్పుడు... ఈ చేతులతోని.  

జూలై 24

బోథ్ అంగడికి పోయి జొన్నలు కొందామంటడు రవి. అండ్ల ఏం గలిపిండ్రో ఎవనికెరుక? ఏం గలపలేదని నాకెరుకున్న జొన్నలు ఒక్కకాడనే ఉన్నయి.

బావకు ఫోన్ చెయ్యలే.

జూలై 25

చేసిన. "బావా, జొన్నలుంటె జర పంపు."

"మాయి పురుగుల జొన్నలు గద బావా. మీ కోళ్లకు సాలలేదా?"

"సాలలే" అన్న. ఆన్నుంచి అంత చెప్పిన, పొడి సంగతి, గుంత సంగతి.  బావ "పొద్దుగాల బస్సుకు నేనే తెస్త" అన్నడు.

జూలై 26

బావ మూట దించిండు. యాపాకేసి పెట్టిన జొన్నలు. అయినా ఉన్నయి పురుగులు. బిడ్డను తోలుకపోత అంటడని చూసిన. అనలే. సుమ నెత్తి మీద చెయ్యి వెట్టి నిలబడ్డడు. నా దిక్కు చూడలే.

నేనే అన్న — "పోతె పో బిడ్డా. నేనేమనుకోను."

సుమ జొన్నల దిక్కు చూసింది. "ఆడ మా అవ్వ ఏరుతది. ఈడ మీరు ఏరిపెడ్తె ఈడనే తింట మామా."

బావ నవ్విండు. నాకు నవ్వు రాలే. చాట ఏడుందని అడిగిన.

జూలై 28, సోమవారం

సుమ పొద్దుగాల నెత్తురు ఇచ్చొచ్చింది. ఫోన్ చేసి చెప్తమన్నరు. దిగకుంటె రేపటి సంది సూదులు. గిన్ని దినాలకే ఏం దిగుతది, ఆశ వెట్టుకోకుండ్రి అన్నదట డాక్టరమ్మ. సూదులు పడ్డా భయం లేదు, పిల్లకు మంచిదే అని గూడ అన్నదట.

అరుగు మీద కూసున్న. చాట పక్కకు వెట్టి రాస్తున్న. రవి ఫోను చేతిల వట్టుకొని వాకిట్ల తిరుగుతుండు. సుమ గడపల నిలబడ్డది, చెయ్యి పొట్ట మీద.

ఒక ముక్కు పురుగు జొన్నలకెల్లి ఎల్లి చాట అంచుకు నడుస్తుంది. బతికున్నది. గా జొన్నల్లనే పుట్టింది, గా జొన్నలే తిన్నది, బతికున్నది.

చంపలే. అంచు దాటి కిందికి దిగింది.

ఫోను ఇంక రాలే. ఏరుతున్న...