ఎలుకల సాలు

బాపూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నీ పేర పిట్టకు పెట్టడానికి, కాకి ముట్టేలా బువ్వ పెట్టడానికి, మెట్‌పల్లి చేనుకు పోయివచ్చాను.

మక్క కంకులు విరిచేటప్పుడు గట్టు పక్క ఒక సాలు ఎలుకలకని వదిలేవాడివి. ఊరంతా నవ్వేది, నేనూ నవ్వాను. ఈసారి ఆ సాలూ విరిపించి, బొరియల్లో మందు పెట్టించాను. గట్టు గడ్డిలో కౌజుపిట్ట పెట్టిన గుడ్లు ఎలుకలు తింటాయని భయం. పిట్ట కోసమే చేశానా, నీది చాదస్తమని తేల్చడానికా, ఇప్పుడు చెప్పలేను.

ఎలుకలన్నీ చచ్చాయి. ఇవాళ చూస్తే గూట్లో పెంకులు, తల్లిపిట్ట రెక్క ఒకటి.

"నక్క పనే," అన్నది పక్కచేను మల్లవ్వ. "మీ బాపున్నప్పుడు ఎలుకలతోనే కడుపు నింపుకునేది, పిట్టల దిక్కు సూడకపోయేది. నువ్వు దాని బువ్వ గుంజుకుంటివి. గంత సదివినవ్, గిది తెల్వదా బిడ్డా?"

"మరి ముందే చెప్పలేదేం?"

"నువ్వు అడిగినవా?"

విస్తరి గట్టు మీద పెట్టి ఇద్దరం దూరం జరిగాము. ఎంతసేపటికీ ఒక్క కాకీ దిగలేదు. చివరికి నక్క వచ్చి, నీకిష్టమని వండిన బువ్వ మెతుకు మిగల్చకుండా తిన్నది. నేను అదిలించలేదు. అది తలెత్తి, మగ కౌజుపిట్ట కూస్తున్న తుప్పల వైపు నడిచింది.