మూడో భాగం పెట్టె అడుగున ఉంది

ఫలక్‌నుమా,
ఆదివారం.

పూజ్యులైన అన్నయ్యకు చెల్లెలు సుగుణ నమస్కరించి రాయునది. మేమిద్దరం ఇక్కడ బాగానే ఉన్నాం. అమ్మ మోకాళ్ల నొప్పులు తగ్గాయా? వదిన, పిల్లలు ఎలా ఉన్నారు? నా గురించి దిగులు పెట్టుకోవద్దని అమ్మకు చెప్పు. ఆయనకు రైల్వే షెడ్డులో పని పర్మనెంటు అయింది. ఎండలు మాత్రం ముదిరాయి, రేకుల గది మధ్యాహ్నానికి పెనంలా కాలుతుంది. ఇక్కడి జొన్నపిండితో రొట్టె విరిగిపోతోంది. అయినా బాగానే ఉన్నాను, నిజంగా బాగానే ఉన్నాను.

వచ్చిన కొత్తలో మాట్లాడే మనిషి లేక ఏడుపొచ్చేది. ఇప్పుడు మధ్యాహ్నాలు పక్కింటి అనసూయమ్మ వసారాలో ఆడవాళ్లతో కూర్చుని బీడీలు చుడుతున్నాను. నా చేయి నిదానం. అందుకని నా వంతు బీడీ ఆకు కూడా వాళ్లే చుడతారు, నేను పుస్తకం చదివి వినిపించాలి. అదీ ఒప్పందం. ఆయన అద్దె పుస్తకాల దుకాణం నుంచి ఒక లావుపాటి నవల తెచ్చారు. అట్ట చూడగానే గుర్తుపట్టాను.

అదే అన్నా, మన ఊరి లైబ్రరీలో ఉండేది, మూడు భాగాల ఫ్రెంచి నవల. చేయని నేరానికి ఒక పడుచువాణ్ని జైల్లో వేస్తారే, అది. ఇది వద్దు అందామనుకునేలోపే అనసూయమ్మ ఆకు చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

నెల రోజులుగా చదువుతున్నాను. ఆ పేర్లు ఎవరికీ నోరు తిరగవు, కథానాయకుణ్ని "మన పిలగాడు" అంటారు. అతన్ని జైల్లో వేసిన రోజు ఎవరూ ఆకు ముట్టలేదు. ఎదురింటి రహమత్ బీకి తెలుగు అంతంత మాత్రమే, అయినా ముందు కళ్లు తుడుచుకుంది ఆమే. అతను బయటపడ్డ రోజు సేమియా వండి తెచ్చింది. ఇక పగ తీర్చుకోవాలా వద్దా అని రోజూ లొల్లే.

"ఒక్కొక్కన్ని పట్టుకొని తన్నాలె," అంటుంది అనసూయమ్మ.

"ఛోడ్ దో అక్కా, ఇడిసిపెట్టు, అల్లా చూస్తడు," అంటుంది రహమత్ బీ.

మొన్న మాత్రం ఇద్దరూ ఒక్కటయ్యారు. కథలో ఒక పొరుగువాడు నిజం తెలిసి కూడా నోరు మెదపడు. "పాపం, భయమైంది కదా," అన్నాను నేను.

"భయం ఒక దినం ఉంటది, రెండు దినాలు ఉంటది," అంది అనసూయమ్మ. "ఏండ్లకేండ్లు ఉంటదా? కుట్ర జేసినోళ్ల కన్న వీడే ఖరాబుగాడు. వీడు ఒక్క మాట చెప్తే పిలగాడు ఇంట్ల ఉండేటోడు."

"బరాబర్," అంది రహమత్ బీ.

తలనొప్పి అని చెప్పి పుస్తకం మూసేశాను.

మన లైబ్రరీలో పుస్తకాలిచ్చే ఎల్లయ్య నీకు గుర్తున్నాడు కదా. తనిఖీలో ఈ నవల మూడో భాగం దొరకలేదని, పుస్తకాలు అమ్ముకుంటున్నాడని అతన్ని తీసేశారు. ఆ పుస్తకం తెచ్చింది నేనే. అప్పుడు నాకు పదహారేళ్లు. రెండో భాగం ఇవ్వడానికి వెళ్తే అతను అన్నానికి పోయి ఉన్నాడు. ఆత్రం ఆగక మూడోది ఓణీ చాటున పెట్టుకుని వచ్చాను. తెల్లారి ఇచ్చేద్దామనుకున్నాను. ఆ సాయంత్రమే తనిఖీ సంగతి విని బాపు అరుగు మీద కూర్చుని, "దొంగతనం చేసినోన్ని ఊర్ల ఉండనియ్యొద్దు," అన్నారు. ఇక నోరు రాలేదు. ఆ తరువాత ఎల్లయ్య ఇటుక బట్టీ పనికి మన ఇంటి ముందు నుంచే పోయేవాడు. "ఏం బిడ్డా, పరీక్షలు మంచిగ రాసినవా?" అని అడిగేవాడు. నేను తలూపేదాన్ని. తలచుకుంటే ఇప్పుడు సిగ్గుతో చచ్చిపోతున్నాను.

రెండో భాగం నిన్నటితో అయిపోయింది. దుకాణంలో మూడోది లేదట. చివరికి ఏమవుతుందో అని వాళ్లు నన్ను తినేస్తున్నారు. నాకు తెలుసు. ఎలా తెలుసని అడుగుతారేమోనని తెలియనట్టు కూర్చుంటున్నాను.

పుస్తకం నా పాత బట్టల పెట్టె అడుగున, లంగా గుడ్డలో చుట్టి ఉంది. నాకు పంపొద్దు. ఎల్లయ్య చేతికిచ్చి, సుగుణ దొంగిలించిందని చెప్పు. పదిమందిలో చెప్పినా సరే, అమ్మకు మాత్రం ముందే చెప్పు. బాపు బతికుంటే ఈ మాట రాయగలిగేదాన్ని కాదేమో. నన్ను ఎంతైనా కోప్పడు, పుస్తకం మాత్రం ఇచ్చి రా. అతను ఏమన్నాడో ఉన్నదున్నట్టు రాయి, మంచిమాటలు కల్పించకు.

రేపు వసారాలో కూడా చెప్పేస్తాను. ఆ తరువాత నా ఆకు వాళ్లు చుడతారో లేదో తెలియదు.

వదినకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. ఎవరైనా ఇటు వస్తుంటే కాస్త జొన్నపిండి పంపు. పెద్దల దీవెనలు కోరుతూ అని ఇక్కడ రాయాలి. ఎల్లయ్య మాట తెలిశాక రాస్తాను.

నీ చెల్లెలు,
సుగుణ