బర్మా మినప్పప్పు, 'శాంక్షన్' అను మాట

జెర్సీ సిటీ,
జూన్ 2003.

కాంగ్రెస్ సభ్యులవారి కార్యాలయంలో విదేశీ వ్యవహారాలు చూచు అధికారి గారికి,

అయ్యా,

విషయం: సభలో నేనన్న మాటకు నేను అనుకోని అర్థం వచ్చుట, సవరణ కోరుట గురించి.

ఇండియన్ కిరాణా కొట్టు నడుపు మల్లికార్జునరావు సవినయముగా మనవి చేసుకొనునది. ఇంగ్లీషులో మాట్లాడినందువల్లే ఈ ముప్పు వచ్చినది కనుక అర్జీ తెలుగులో వ్రాయుచున్నాను. మా అమ్మాయి దేదీప్య ఇంగ్లీషులోకి మార్చును.

1. మా కొట్టుకు మినప్పప్పు బర్మా నుండి వచ్చును. ఆ పప్పు రుబ్బితే పిండి పొంగే పొంగు చూడాలి సార్, గిన్నె మూత లేచిపోతుంది! ప్రస్తుతము ఒక కంటైనర్ ఓడలో ఉన్నది.

2. గత వారం మా ఊళ్లో జనంతో పెట్టిన సభలో సభ్యులవారు "బర్మాతో వ్యాపారం సాగనిద్దామా, అక్కడివాళ్ల మానవ హక్కుల కోసం ఆపేద్దామా?" అని అడిగిరి. నేను లేచి, "ప్లీజ్ శాంక్షన్ బర్మా, సార్! ఇమ్మీడియట్లీ!" అంటిని.

3. అయ్యా, మా దేశంలో లోను శాంక్షన్ అయితే స్వీట్లు పంచుతారు. సెలవు శాంక్షన్ చేసిన ఆఫీసరుకు దణ్ణం పెడతారు. శాంక్షన్ అనగా మంజూరు. అదే మాటకు ఇక్కడ ఆంక్షలని, దిగుమతి బంద్ అని అర్థమని నాకెవడు చెప్పాడు? హాలంతా లేచి చప్పట్లు! నా ఇంగ్లీషుకు జన్మలో చప్పట్లు పడలేదు, కనుక ఆ ఊపులో మైకు వదలక మళ్లీ అంటిని.

4. ఇంటికొచ్చి చెప్పగా దేదీప్య కార్పెట్ మీద దొర్లి నవ్వినది. "డాడీ, యూ జస్ట్ బ్యాన్డ్ అవర్ ఇడ్లీ!" అన్నది. నా భార్య గిరిజ నవ్వలేదు. "మైకు కనిపిస్తే చాలు, ఒళ్లు తెలీదు మీకు" అన్నది. మరునాడు హక్కుల సంఘంవారు పూలగుత్తి పంపిరి. వచ్చే సభకు నేనే ముఖ్య వక్తనట!

కావున తాము దయతో నా మాటను రికార్డులో 'మంజూరు' అని దిద్ది, కంటైనర్ ఓడ దిగు వరకైనా వ్యాపారము సాగనిచ్చి, నా కొట్టు మూతబడకుండా కాపాడుదురని నమ్మి వేడుకొనుచున్నాను. చిత్తగించవలెను.

తమ విధేయుడు,
పొరపాటున చప్పట్లు కొట్టించుకున్న
మల్లికార్జునరావు

తా.క. సార్, ఆగండి. కవరు అంటిస్తుండగా రాజేశ్వరమ్మ గారనే పెద్దావిడ కొట్టుకొచ్చింది. రంగూన్‌లో పుట్టి పెరిగిన తెలుగావిడ. ఆ రోజు సభలో వెనక కూర్చుని విన్నదట. విద్యార్థుల ఊరేగింపుకు మంచినీళ్లిచ్చాడని ఆవిడ తమ్ముణ్ణి అక్కడ జైల్లో పెట్టారట. "మావాడి కోసం లేచి అడిగిన తెలుగోడివి నువ్వొక్కడివే నాయనా" అని నా రెండు చేతులూ పట్టుకుంది. పొరపాటున అన్నానమ్మా అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. సిగ్గేసింది సార్. పోతూ పోతూ మినప్పప్పు బస్తాలో చెయ్యి పెట్టి, "మా ఊరి పప్పే! మావాడు బయటికొచ్చాక కొంటాన్లే" అన్నది.

పై అర్జీ రద్దు. నా మాట దిద్దవద్దు. కంటైనర్ తంటాలు నేను పడతాను, గిరిజ ఉప్మా చేస్తానంది. ఆ తమ్ముడి పేరు వీరాంజనేయులు. ఇంగ్లీషులో బాగా పొడుగవుతుంది, అయినా ఒక్క అక్షరం పోకుండా రాసుకోండి.