పరంజా విప్పని మేస్త్రీ

మేస్త్రీ గార్ఫీల్డ్ నాన్‌కివెల్ గారికి,

పోల్‌వెన్నా అద్దెదారుల సంఘం కార్యదర్శి రోవెనా ప్లాట్ నిరసనతో రాయునది.

కెజయా ముసలమ్మ ఇంటికి మీరు పరంజా కట్టి చలికాలం దాటిపోయింది. కప్పు ఎప్పుడు బాగుచేస్తారంటే "డ్రెక్లీ" అన్నారట. ఈ కార్న్‌వాల్లో పదేళ్లుగా ఉంటున్నాను. డ్రెక్లీ అంటే మీకు బుద్ధి పుట్టినప్పుడని నాకు తెలుసు. లండన్‌లో ఉన్న ఇంటి యజమానికి ఆ మాట చెప్పగలరా? పేదవాళ్లకేనా?

ఆగ్రహంతో,
రోవెనా

తా.క.: ముసలమ్మను అడిగితే "నాకేం ఇబ్బంది లేదమ్మా" అంటోంది. అణచివేత ఎంత లోతుకు దిగిందో చూడండి!

---

బంగారం రోవెనాకి,

కోపం తగ్గించుకో తల్లీ. గాలి పడమటి నుంచి కొడుతోంది. పైగా రేవులోకి చేపలొచ్చాయి. పనికేం, డ్రెక్లీ అవుతుంది.

నీ క్షేమం కోరే
గార్ఫీల్డ్

తా.క.: యజమానికీ డ్రెక్లీ అనే చెప్పాను. సమానత్వమంటే ఇదేగా?

---

నాన్‌కివెల్ గారికి,

నేను బంగారాన్ని కాను. మీ జవాబు సభలో చదివి వినిపించాను. మా అధ్యక్షుడు ఆ యజమానికి స్వయానా బావమరిది. అయినా "ఆ సోమరిని వదలొద్దు" అని నా భుజం తట్టాడు. సోమవారం ప్లిమత్ నుంచి వేరే మేస్త్రీ వస్తున్నాడు.

ఇక మీతో మాటల్లేవు,
రోవెనా

తా.క.: ఆ మేస్త్రీని కుదిర్చింది కూడా అధ్యక్షుడే. మనిషంటే అలా ఉండాలి!

---

రోవెనా,

ఇది సభలో చదవకు. కప్పు క్రిస్మస్‌కి ముందే బాగుచేశా. చుక్క కారదు. పని పూర్తయిన రోజే ముసలమ్మ ఖాళీ చెయ్యాలని యజమాని మాట. ఆ తర్వాత అది వేసవి విడిది. పరంజా నిలబడినన్నాళ్లూ పని పూర్తవనట్టే. ముందే చెబుదామంటే నువ్వు ప్రతి ముక్కా ఆ బావమరిది ముందు చదువుతావాయె! ప్లిమత్ వాణ్ణి ఆపు. ఇప్పుడే.

కంగారులో,
గార్ఫీల్డ్

తా.క.: ఉత్తరం అందిన రోజే జవాబు రాయడం నా జన్మలో ఇదే మొదలు.

---

బంగారం గార్ఫీల్డ్ గారికి,

ప్లిమత్ మేస్త్రీ పొద్దున్నే దిగాడు. నిచ్చెనకు అడ్డంగా నిలబడి శ్రామికుల హక్కుల మీద మాట్లాడాను. మధ్యాహ్నానికి నిచ్చెన కూడా వదిలేసి పారిపోయాడు. కెజయా నాకు కుంకుమపువ్వు బన్ను పెట్టి, "రేపు కూడా రామ్మా" అంది.

ఒక మనిషి బతుకుతున్న ఇంటిని సముద్రం చూడ్డానికొచ్చేవాళ్లకు పడగ్గది చేస్తారా! ఎంత పొగరు!

వచ్చే సభలో మిమ్మల్ని సోమరి, యజమానుల తొత్తు అని తిడతాను. తప్పదు. అధ్యక్షుడు చప్పట్లు కొట్టాలి.

మీ తోటి సోమరి,
రోవెనా

తా.క.: పరంజా ఎప్పుడు విప్పుతారని అధ్యక్షుడు నన్నే అడిగాడు. డ్రెక్లీ అన్నాను.