బలం పెరిగిన దిమ్మలు

2006 జూన్, గురువారం రాత్రి, పాపకూర

ఒళ్ళు హూనమైపోయింది. కొత్త వంతెన కట్టబోయే చోటి సల్ఫేటు నీళ్ళలో నానబెట్టిన కాంక్రీటు దిమ్మలను ఇవాళ ల్యాబులో పగలగొట్టి చూస్తే, పోయిన నెలకన్నా బలం పెరిగింది. మేనేజరు తెగ సంబరపడ్డాడు. నాకు మాత్రం అది మంచి గుర్తుగా అనిపించలేదు. ఆ నీళ్ళలోని సల్ఫేటు ఉప్పు సిమెంటుతో కలిసి లోపలి ఖాళీల్లో పేరుకుంటున్నంత కాలం కాంక్రీటు గట్టిపడినట్టే ఉంటుంది. ఖాళీలు నిండాక లోపల్నించే ఉబ్బి పగులుతుంది.

"ఇంకొన్ని నెలలు చూద్దాం" అన్నాను.

"సోమవారం పునాది పోస్తున్నారు, రిపోర్టు మీద సంతకం పెట్టు" అన్నాడు.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన, "బలం పెరిగిందనేగా రాయాలి, అబద్ధం కాదుగా! మనకి ఈ దేశంలో పీఆర్ వచ్చేదాకా జాబ్‌లో గొడవలు పెట్టుకోకు" అన్నారు.

నిజమే, అబద్ధం కాదు. కానీ పగిలాక ఎవరైనా చెబుతారు. దానికి నేనెందుకు? పగలకముందే చెప్పడానికేగా నా ఉద్యోగం.