మాష్ గొంతుకి గడువు

జూన్ 2

పొద్దున దోసె తిరగేస్తుంటే ముందు గదిలోంచి మా ఆయన మాట్లాడాడు. ఈ నెలాఖరుతో తన గొంతు ఆగిపోతుందట. కంపెనీ చేతులు మారిందట. ఇన్నాళ్ళూ ఆదరించినందుకు కృతజ్ఞతలట.

మా ఆయన పోయి ఏడాది దాటింది. మాట్లాడింది లాప్‌టాప్. నోటీసు వస్తే అదే చదివేస్తుంది, ఆయన గొంతుతో. దోసె మాడిపోయింది.

జూన్ 3

మా ఊరు ఒట్టప్పాలంలో ఎవరినడిగినా చెప్తారు. మా ఆయన్ని అందరూ శశిధరన్ మాష్ అనేవారు, మాష్ అంటే మాస్టారు. హైస్కూల్లో కంప్యూటర్ పాఠాలు చెప్పేవాడు. ఊళ్ళో సగం కంప్యూటర్లలో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఎక్కించింది ఆయనే. కాపీ తీసుకోనివ్వని సరుకు మన గుమ్మం తొక్కడానికి వీల్లేదనేవాడు. మా తమ్ముడు తెచ్చిన పెళ్ళి వీడియో సీడీ కాపీ తాళం వల్ల తెరుచుకోలేదని వాడితో రెండేళ్ళు మాట్లాడలేదు.

అలాంటివాడు గొంతు ఆపరేషన్‌కి ముందు వారం రోజులు కూర్చుని ఎవరో కంపెనీ వెబ్‌సైట్‌లో వాక్యాలు చదివాడు. తర్వాత ఆయన టైపు చేస్తే లాప్‌టాప్ ఆయన గొంతుతో పలికేది. మనవాళ్ళు చేసిన ఫ్రీ గొంతు ఉంది కదా అంటే, ఆ మరగొంతుతో నీతో పోట్లాడలేను లీలా అన్నాడు. నియమాల కింద టిక్కు పెట్టి, ఇది చూస్తే నా శిష్యులు నన్ను పుళ ఏట్లో తోసేస్తారు అని నవ్వాడు.

ఇప్పుడు నేను టైపు చేస్తాను. లీలా, వాన వచ్చేలా ఉంది, గొడుగు పట్టుకెళ్ళు. అది విన్నాకే గుమ్మం దాటుతాను. పిచ్చిదాన్నని అనుకోనీ.

జూన్ 7

ఆడపడుచు దేవకి వదిన వచ్చింది. పోనీవే, పీడా పోతుంది అంది. పుళ ఒడ్డున బలి పిండం పెట్టాం, కాకి వచ్చి ముట్టింది, ఇంకా వాణ్ణి ఇంట్లో కట్టేసి చాకిరీ చేయించుకుంటావేంటే అని తిట్టింది. నేను టీ కూడా ఇవ్వలేదు.

జూన్ 10

మాష్ పాత శిష్యురాలు హసీనా వచ్చి లాప్‌టాప్ అంతా వెతికింది. గొంతు ఇక్కడ లేదమ్మా, వాళ్ళ దగ్గరుంది అని చెప్పింది. నేను టైపు చేసింది అక్కడికెళ్ళి మాటై తిరిగొస్తోందట. ఆయన చదివిన వాక్యాలు కూడా అక్కడే ఉన్నాయట. మా మాష్ ఇలా ఎలా ఇరుక్కున్నాడమ్మా అని ఏడ్చింది. నాకు కోపం వచ్చింది. ఇరుక్కోలేదు, నాకోసం వెళ్ళాడు అన్నాను.

గొంతు మాకివ్వమని కంపెనీకి మెయిల్ రాశాం.

జూన్ 13

జవాబొచ్చింది. నియమాలకి ఒప్పుకున్న మనిషే స్వయంగా అడగాలట.

జూన్ 14

మాష్ చేతే అడిగించి ఆ ఆడియో పంపాను.

జూన్ 18

జవాబు లేదు.

హసీనా ఒక దారి చెప్పింది. గొంతు రాదు కానీ, అది పలికే మాటల్ని పలికినట్టే రికార్డు చేసుకోవచ్చట. ఆ ఫైలు ఎక్కడైనా తెరుచుకుంటుంది, ఎన్ని కాపీలైనా తీసుకోవచ్చు, ఎవడూ మూయలేడు. కాబట్టి ఏమేం పలికించాలో ఆలోచించుకోమ్మా అంది.

పొద్దుటి నుంచి టైపు చేస్తూనే ఉన్నాను. లీలా, టీ. లీలా, కళ్ళజోడేదీ. పుట్టినరోజు శుభాకాంక్షలు. చేపల పులుసు బాగుంది. భయపడకు, ఇక్కడే ఉన్నాను. నిన్ను చాలా బాధపెట్టాను, క్షమించు. వేళ్ళు నొప్పి పుట్టాయి.

జూన్ 20

దేవకి వదిన మళ్ళీ వచ్చింది. వాకిట్లోనే నిలబడి, నన్ను అక్కా అని ఒక్కసారి పిలిపించవే అంది. పిలిపించాను. చీర కొంగు నోట్లో కుక్కుకుని కూలబడింది. ఈసారి టీ ఇచ్చాను.

జూన్ 24

అన్నీ వరసగా విన్నాను. వినకుండా ఉండాల్సింది.

మాష్ ఏనాడూ నన్ను క్షమించమనలేదు. పులుసు బాగుందని చచ్చినా అనేవాడు కాదు, రెండోసారి వడ్డించుకునేవాడు అంతే. ఇందులో ఉన్నాయన అన్నిటికీ తలూపుతున్నాడు. నేనన్నదే అంటున్నాడు. గొంతు ఆయనదే, మనిషి ఆయన కాదు. సాయంత్రం వంటింట్లో ఉంటే ముందు గదిలో ఎవరో కూర్చున్నట్టు అనిపించింది. మొదటిసారి భయం వేసింది.

వదిన కోసం పలికించింది ఉంచి, మిగతావన్నీ చెరిపేశాను. హసీనా గోల పెట్టింది. ఇంకో వారం కూడా లేదమ్మా, మళ్ళీ దొరకదమ్మా అంది. నాకు తెలియదా?

జూన్ 27

గొడుగు మర్చిపోయాను. తడిసి వచ్చాను.

జూన్ 30

హసీనా రికార్డింగు పెట్టి నా పక్కనే కూర్చుంది. ఏం రాయాలో తోచలేదు. ఏం రాసినా నా మాటే అవుతుంది. ఖాళీగానే మీట నొక్కాను.

మాట రాలేదు. నాతో పోట్లాటకి దిగే ముందు ఆయన ముక్కుతో ఒక ఊపిరి గట్టిగా పీల్చేవాడు. అది వచ్చింది.

ఇది నేను రాసింది కాదు.